వానలో ప్రమాదం, చలానా, బాధ్యత: సైబరాబాద్ నేపథ్యంలో ఒక చట్ట చరిత్ర

జూలై సాయంత్రం, జోరువాన. రాయదుర్గం దగ్గర ఒక కారు బ్రేకు వేసినా ఆగక, నీటిమీద జారి ముందున్న వాహనాన్ని గుద్దిందనుకుందాం. కొద్దిరోజుల్లో యజమానికి రెండు కాగితాలు వస్తాయి. ఒకటి కెమెరా పంపిన అతివేగపు చలానా. రెండోది ప్రమాదకరంగా నడిపారన్న ఆరోపణ. "వాన పడింది, టైరు జారింది, నా తప్పేముంది?" అని ఆయన అడుగుతాడు. ఈ ప్రశ్న రెండు కాగితాలకూ ఒకేలా వర్తించదు. ఎందుకు వర్తించదో తెలియాలంటే మోటారు చట్టాల చరిత్రలోకి కొంత వెనక్కి వెళ్ళాలి.

బ్రిటన్ 1903లో చేసిన మోటారు కారు చట్టం ప్రమాదకరమైన డ్రైవింగును అంకెలతో మాత్రమే కొలవలేదు. రోడ్డు ఎలాంటిది, ఏ స్థితిలో ఉంది, ఎందుకు వాడుతున్నారు, ఆ సమయంలో ఎంత రద్దీ ఉంది లేదా ఉండవచ్చని ఊహించవచ్చు అన్నవన్నీ చూడాలని చెప్పింది. దాదాపు ఇదే వాక్యం బ్రిటిష్ ఇండియా 1939 మోటారు వాహనాల చట్టంలో 116వ సెక్షనుగా, ఇప్పుడు అమలులో ఉన్న 1988 చట్టంలో 184వ సెక్షనుగా కనిపిస్తుంది. "స్థితి" అన్న ఆ ఒక్క మాటలో తడి రోడ్డు కూడా ఇమిడి ఉంది. పొడి రోడ్డు మీద సవ్యమైన వేగమే నీళ్ళు నిలిచిన రోడ్డు మీద నేరం కావచ్చు. అంటే వాతావరణం చట్టంలోకి సాకుగా రాలేదు, కొలబద్దగా వచ్చింది. వాతావరణాన్ని బట్టి వేగం తగ్గించుకోవాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు విడిగానే చెప్పాయి. అతివేగానికి సంబంధించిన 183వ సెక్షను దారి వేరు. అక్కడ హద్దు ఒక అంకె. అది దాటామా లేదా అన్నదే ప్రశ్న కాబట్టి, మొదటి కాగితం మీద వాన గురించి ఎంత వాదించినా ఫలితం తక్కువ.

వాహనదారుడికి ఆసరా ఇచ్చే వాక్యం మోటారు కారు కంటే పాతది. 1860 భారత శిక్షాస్మృతి 80వ సెక్షను ప్రకారం చట్టబద్ధమైన పనిని తగిన జాగ్రత్తతో చేస్తుండగా, దురుద్దేశం లేకుండా అనుకోకుండా జరిగిన హాని నేరం కాదు. చట్టమే ఇచ్చిన ఉదాహరణ గొడ్డలిది: పని చేస్తుండగా గొడ్డలి తల ఊడి పక్కనున్న మనిషికి తగిలి అతడు చనిపోతే, పనివాడి జాగ్రత్తలో లోపం లేనప్పుడు అది క్షమార్హం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 18వ సెక్షను. అయితే పిడి వదులుగా ఉందని పనివాడికి ముందే తెలిస్తే? అరిగిపోయిన టైర్లతో వానాకాలం గడిపేవారు ఈ ఉదాహరణను నిదానంగా చదవాలి.

జారడం గురించి న్యాయస్థానాలు ఏమన్నాయి? ఇంగ్లండులో 1965 నాటి రిచ్లీ - ఫాల్ కేసులో, కారణం చెప్పలేని తీవ్రమైన జారుడు దానికదే నిర్లక్ష్యానికి సాక్ష్యమన్నారు. అది నష్టపరిహారపు దావా. శిక్ష పడే కేసుల్లో మన సుప్రీంకోర్టు ఇంకా కఠినమైన రుజువు కోరింది. 1979లో సయ్యద్ అక్బర్ కేసులో, ప్రమాదం జరిగింది కనుక నిర్లక్ష్యం ఉన్నట్టే అన్న తర్కం ఒక్కటే నేరనిర్ధారణకు చాలదని చెప్పింది. 1998లో కర్ణాటక రాష్ట్రం - సతీశ్ కేసులో, "అధిక వేగం" అని సాక్షి అన్నంత మాత్రాన అది దుడుకుతనం కాదని తేల్చింది. రెండో కాగితాన్ని ప్రశ్నించేవారికి ఈ రెండు తీర్పులే అసలు బలం. రుజువు భారం ఆరోపించినవారిదే.

ఇక సైబరాబాద్. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ ప్రాంతం రాళ్ళగుట్టలు, పల్లాలు, చెరువుల నేల. దుర్గం చెరువు, మల్కం చెరువు పరిసరాల్లో వాననీరు నడిచిన పల్లపు దారుల్లోనే తరువాత రోడ్లు, కూడళ్ళు వచ్చాయి. అందుకే ఏటా నీళ్ళు నిలిచే చోట్లు ఇంచుమించు అవే. 2023 జూలై చివర కుండపోత వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను మధ్యాహ్నం 3 గంటలకు, 4.30కి, సాయంత్రం 6 గంటలకు విడతలుగా ఇళ్ళకు పంపమని సంస్థలను కోరారు. ఇది చరిత్ర విద్యార్థికి విలువైన ఆధారం. ఇక్కడ వాన ఇబ్బంది అనుకోనిది కాదని యంత్రాంగమే ఒప్పుకున్నట్టయింది. ఆ మాట రెండువైపులా కోస్తుంది: అనుకోని వాన అని డ్రైవరు అనలేడు, అనుకోని నీరు అని రోడ్డు వేసినవారూ అనలేరు.

రోడ్డు వేసినవారి సంగతి చట్టంలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1939 చట్టం దృష్టి ప్రధానంగా డ్రైవరు మీదే. 2019 సవరణ 198-ఎ సెక్షనును చేర్చింది. రోడ్డు రూపకల్పన, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణం లేదా అంగవైకల్యం కలిగితే సంబంధిత అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా. రోడ్డు లోపం వారికి తెలుసా, హెచ్చరిక పెట్టారా అన్నవీ న్యాయస్థానం చూడాలి. అదే ఏడాది నవంబరు 4న తెరిచిన బయోడైవర్సిటీ ఫ్లైఓవరు మీద నుంచి 23న ఒక కారు కింద పడి, కింద ఉన్న ఒక మహిళ చనిపోయారు. 40 కిలోమీటర్ల హద్దున్న చోట గంటకు 100 దాటిన వేగం అని పోలీసులన్నారు. డ్రైవరు హైకోర్టుకు వెళ్ళి వంతెన రూపకల్పననే ప్రశ్నించాడు. వంతెనను మూసి, భద్రతా ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో తిరిగి తెరిచారు. అక్కడ వాన లేదు, కాని వాదన తీరు ఒకటే. 2021 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి దాటాక ఒక సినీ నటుడి మోటారు సైకిలు ఇసుక మీద జారినప్పుడూ కేసు ఆయన మీద పెట్టారు. రోడ్డుపై ఇసుక వదిలినవారి మాటేమిటని అప్పుడు చాలామంది బహిరంగంగా అడిగారు.

ప్రశ్నించే చోటూ మారింది. తప్పు ఒప్పుకొని డబ్బు పంపి, కోర్టుకు రాకుండా ముగించే వీలు 1939 చట్టంలోనే ఉంది. ఈ-చలానా ఆ వీలును ఫోనులోకి తెచ్చింది. 2021 ఆగస్టులో చేర్చిన 167-ఎ నియమం మాత్రం యంత్రానికీ షరతులు పెట్టింది: ఆమోదించిన పరికరం, స్పష్టమైన ఫొటో, తేదీ, సమయం, చోటు, నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు. మొదటి కాగితాన్ని ప్రశ్నించాలంటే చూడవలసినవి ఇవే. రెండోదానికి ఆ రోజు నిలిచిన నీటి ఫొటోలు, బండి డ్యాష్‌క్యామ్ రికార్డు, టైర్ల స్థితి, హెచ్చరిక బోర్డు ఉందా లేదా అన్నవి పనికొస్తాయి. 2019 సవరణ తరువాత 184 కింది నేరాల్లో చేతిఫోను వాడకం తప్ప మిగతావి రాజీ రుసుముతో ముగిసేవి కావు.

అతివేగపు చలానాకు తెలంగాణలో మనం చూసే మొత్తం 1,035 రూపాయలు, అందులో 35 సేవా రుసుము. అంత చిన్న మొత్తానికి కోర్టు చుట్టూ తిరిగేవారు అరుదు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగు చలానాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ప్రకటించాక ఆ కొద్దిమంది కూడా కట్టేయడానికే మొగ్గి ఉండవచ్చు. అయితే 2019 సవరణ ఇంకో మాట చేర్చింది: రాజీ రుసుము కట్టినా, అదే నేరం మళ్ళీ జరిగినప్పుడు దాన్ని మునుపటి నేరంగానే లెక్కిస్తారు.