గడప దాకా వచ్చిన యుద్ధం



రేపు పొద్దున్నే ఎవరో తలుపు తట్టి, "అమ్మా, మీ ఇంట్లో ఉన్న అల్యూమినియం సామానంతా ఇచ్చెయ్యండి, కరిగించి యుద్ధవిమానాలు చేస్తారట" అన్నారనుకోండి. మీరేం చేస్తారు? మనం సత్తు గిన్నెలంటామే, అవే. పాలు కాచుకునే గిన్నె ఒకటి, అన్నం వండుకునే గిన్నె ఒకటి, నెలనెలా చీటీ కట్టి కొనుక్కున్నది ఇంకొకటి. ఇవ్వడానికి చెయ్యి వస్తుందా?

1940 జూలైలో ఇంగ్లండు ఇల్లాళ్లని సరిగ్గా ఇదే అడిగారు. అడిగింది కూడా రేడియోలోనే. అడిగినావిడ లేడీ రీడింగ్. 1921 నుంచి 1926 దాకా మన దేశానికి వైస్రాయిగా ఉన్న రీడింగ్ ప్రభువుని తర్వాతి కాలంలో రెండో పెళ్లి చేసుకున్నావిడ. పెళ్లికి ముందు ఢిల్లీలో ఆ వైస్రాయి కొలువులోనే ఉద్యోగం చేశారు. 1938లో ఆవిడ స్త్రీల స్వచ్ఛంద సేవాదళం ఒకటి స్థాపించారు. ఆవిడ మాట విన్న కొద్దిరోజుల్లోనే ఆ దళం కేంద్రాల ముందు గిన్నెలు, కెటిల్స్, మూకుళ్లు, మూతలు గుట్టలుగా పడ్డాయి.

అంత అవసరం ఎందుకొచ్చిందో చెప్తాను.

1940 మే నెలలో జర్మనీ సైన్యాలు హాలండు, బెల్జియం దేశాలమీద విరుచుకుపడ్డాయి. ఆరు వారాలు తిరిగేసరికి ఫ్రాన్సు కూడా లొంగిపోయింది. ఫ్రాన్సులో చిక్కుపడిన 3,38,000 మంది సైనికుల్ని డంకర్కు రేవు నుంచి యుద్ధనౌకల్లోనూ, చేపల పడవల్లోనూ ఇంగ్లండుకి చేర్చారు. మనుషులు దక్కారు గానీ టాంకులు, ఫిరంగులు ఒడ్డునే వదిలేసి రావాల్సి వచ్చింది. ఇక శత్రువుకీ ఇంగ్లండుకీ మధ్య మిగిలింది సముద్రం ఒక్కటే. అది కూడా ఇరుకైన చోట 33 కిలోమీటర్లు. మనం విజయవాడ నుంచి గుంటూరు వెళ్లినంత దూరం! జూలై 16న హిట్లరు, ఇంగ్లండు మీద దిగడానికి సిద్ధం కమ్మని సైన్యానికి ఆజ్ఞ ఇచ్చాడు.

తీరం పొడుగునా ముళ్లకంచెలు వేశారు, మందుపాతరలు పూడ్చారు, కాంక్రీటు గూళ్లు కట్టి తుపాకులు పెట్టారు. అదంతా సైన్యం చూసుకునే పని. మామూలు ఇళ్లలో ఏం జరిగిందన్నదే మనకి కావలసిన కథ.

మే 14 రాత్రి యుద్ధమంత్రి ఈడెన్ రేడియోలో మాట్లాడుతూ, 17 నుంచి 65 ఏళ్ల లోపు మగవాళ్లు ఊరి కాపలాకి స్వచ్ఛందంగా రావాలన్నాడు. ఆ రాత్రే జనం పోలీసు స్టేషన్ల ముందు చేరారు. కొద్దివారాల్లో ఆ సంఖ్య పది లక్షలు దాటింది. వీళ్లనే తర్వాత హోంగార్డులన్నారు. మొదట్లో చాలామందికి తుపాకులు కూడా లేవు. వేటతుపాకి ఉన్నవాడు అది తెచ్చుకున్నాడు, లేనివాడు కర్ర పట్టుకుని కాపలా తిరిగాడు.

ఊళ్ల పేర్లు రాసిన బోర్డులన్నీ పీకేశారు. రైలు స్టేషన్ల పేర్లూ తీసేశారు. పారాచూట్లతో దిగిన శత్రువుకి తానెక్కడున్నాడో తెలియకూడదని. చర్చి గంటలు మోగించడం ఆపేశారు. గంట మోగిందంటే శత్రువు దిగాడనే అర్థం అన్నమాట. మళ్లీ ఆ గంటలు పండగలా మోగింది 1942 నవంబరులో, ఈజిప్టులో ఎల్ అలమీన్ దగ్గర గెలిచిన తర్వాత.

ఇంటింటికీ ఒక కరపత్రం పంచారు. శత్రువు వస్తే ఉన్నచోటే ఉండమనీ, పుకార్లు నమ్మొద్దనీ, నలుగురికీ చెప్పొద్దనీ, తిండి గానీ పెట్రోలు గానీ మ్యాపులు గానీ శత్రువు చేతికి చిక్కనివ్వొద్దనీ అందులో రాశారు. ఎందుకంటే ఫ్రాన్సులోనూ బెల్జియంలోనూ జనం భయంతో సామాను నెత్తినపెట్టుకుని రోడ్ల మీద పడ్డారు. దారులు మూసుకుపోయి, సొంత సైన్యమే ముందుకి కదలలేకపోయింది. పుకారు ఎంత పని చేస్తుందో చూశారా!

ఇక తిండి సంగతి. ఆ దేశం తినే తిండిలో సగానికి పైగా ఓడల్లో రావలసిందే. ఆ ఓడల్ని జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. అందుకని 1940 జనవరి నుంచే వెన్న, చక్కెర రేషన్ పెట్టారు. జూలైలో టీపొడికి కూడా వచ్చింది, మనిషికి వారానికి దాదాపు 57 గ్రాములు. అది ఎన్ని కప్పులకొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రాజుగారింటికీ రేషన్ పుస్తకాలే. దొంగబజారు లేదని కాదు, డబ్బున్నవాళ్లు హోటళ్లలో తినలేదనీ కాదు. అయినా అందరికీ ఒకే కొలత అన్నమాట జనంలో నిలబడింది. రోజూ పొద్దున్న ఎనిమిది గంటల వార్తల తర్వాత రేడియోలో వంటల కార్యక్రమం వచ్చేది. ఉన్న బంగాళాదుంపలతోనూ క్యారెట్లతోనూ ఏం వండుకోవచ్చో చెప్పేవారు. ఆ కాసేపూ దేశరక్షణ శాఖ వంటింట్లోనే ఉండేదంటే తప్పులేదు.

ఆకాశంలో యుద్ధం నడిపినవాళ్లలోనూ ఆడపిల్లలున్నారు. శత్రు విమానాలు ఎటునుంచి వస్తున్నాయో రాడార్ కేంద్రాలు చెబుతుంటే, పెద్ద బల్లమీద పరిచిన మ్యాపు మీద గుర్తులు జరుపుతూ కూర్చున్నది వైమానికదళపు యువతులే. సెప్టెంబరు 17న హిట్లరు దాడిని వాయిదా వేశాడు. ఆ దాడి మరి జరగనే లేదు. కానీ ఊళ్లమీద బాంబులు మరుసటి ఏడాది మే దాకా పడుతూనే ఉన్నాయి. 40,000కి పైగా మామూలు జనం చచ్చిపోయారు.

మరి ఆ గిన్నెలతో విమానాలయ్యాయా అంటారేమో. చాలాభాగం విమానాలకి కావలసిన నాణ్యత లేక అక్కరకి రాలేదని తర్వాత తేలింది. అయినా ఆ రోజున నా చేతనైంది నేనిచ్చాను అన్న ధైర్యం ఇల్లాళ్లకి మిగిలింది. భయంతో గుమ్మంలో నిలబడ్డ మనిషికి చెయ్యడానికి ఒక పని దొరకటం చిన్న సంగతి కాదు.

ఇక్కడితో ఆపితే కథ సగమే చెప్పినట్టు. ఎందుకంటే రెండేళ్లు తిరక్కుండానే అదే ప్రమాదం మన గడపకీ వచ్చింది. అప్పుడు మనల్ని పాలించిందీ ఆ ఇంగ్లండే.

1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయాయి. రంగూన్‌లో రెక్కల కష్టం మీద బతికే మన తెలుగువాళ్లు వేలమంది అడవుల వెంట నడిచి ఇల్లు చేరారు. దారిలోనే పోయినవాళ్లెందరో. ఏప్రిల్ 6న విశాఖపట్నంమీద, కాకినాడమీద జపాను విమానాలు బాంబులు వేశాయి. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకి తరలిపోయాయి. దొరలే పెట్టే సర్దుకుంటే జనం ఉంటారా? రైళ్లు పట్టక ఊళ్లకి ఊళ్లు కదిలాయి.

బెంగాలులో మరీ ఘోరం. జపాను వాళ్లకి చిక్కకూడదని తీరప్రాంతాల్లో పడవల్ని వేలసంఖ్యలో లాక్కున్నారు, పగలగొట్టారు. బియ్యం తరలించారు. ఆ పడవలే అక్కడి జాలరికి బతుకు, రైతుకి బండి. బర్మా బియ్యం ఆగిపోయింది, తుపాను వచ్చింది, ధరలు మండిపోయాయి. 1943 కరువులో 30 లక్షల దాకా చనిపోయారని అంచనా. జపాను సైన్యం ఆ తీరంలో కాలైనా పెట్టలేదు సుమా.

శత్రువుకి ఏదీ దక్కకూడదన్న ఆలోచన రెండుచోట్లా ఒకటే. లండన్ ఇల్లాలికి కారణం చెప్పి, గిన్నె ఇమ్మని అడిగారు. ఆమె పిల్లలకి తిండి చూశారు. బెంగాలు జాలరి పడవని అడగకుండా లాక్కున్నారు. అతని పిల్లలు ఏం తింటారో చూడలేదు. అడిగి తీసుకున్న చోట జనమే కోటగోడగా నిలబడ్డారు. లాక్కున్న చోట శత్రువు రాకుండానే ఊళ్లు వల్లకాడయ్యాయి.

అలాంటి రోజు మనకి రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, విన్న పుకారు మన గుమ్మం దాటిపోకుండా చూసుకుందాం. నాలుగు బస్తాలు కొని అటకమీద దాచకుండా ఉందాం. పక్కింట్లో పొయ్యి వెలిగిందో లేదో కనుక్కుందాం. దాంతోపాటు, మాకు నిజం చెప్పండి, అందరికీ ఒకే కొలత పెట్టండి అని పాలకుల్ని అడుగుదాం. అదీ దేశరక్షణలో భాగమే కదూ!