బిందెలో క్రోమియం

ఉదయగిరి చరిత్ర అనగానే అందరం కొండమీది కోటకే పోతాం. గజపతుల నుంచి 1514లో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని గెలిచాడనీ, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తరలించాడనీ చెప్పుకుంటాం. ఆ కొండ కింద నుంచి ఆత్మకూరు దాకా ఉన్న మెట్టలో ఆడవాళ్ల నడుముమీద బరువు ఎలా తగ్గిందన్నది మాత్రం చరిత్ర పుస్తకాలకు ఎక్కదు. ఇత్తడి బిందె ఖాళీగా ఎత్తినా బరువే. ఫ్లోరైడు నీళ్ల బాధ ఉన్న పల్లెల్లో ట్యాంకరు వచ్చిందంటే ఇప్పుడు వరసలో నిలబడేవి రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు. వాటికి అటూ ఇటూ నిలువునా సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. అచ్చు రెండు ముక్కలూ మూసుకున్న చోటు అది.

బిందెలకూ క్యాన్లకూ వాడే ఈ గట్టి సరుకు పేరు హైడెన్సిటీ పాలిథిన్. డబ్బా అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అదే.

పాలిథిన్‌ను 1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీవాళ్లు కనిపెట్టారు. దానికి వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడి కావాలి, పైగా వచ్చే సరుకు మెత్తన. అమెరికాలోని ఓక్లహోమాలో, బార్టిల్స్‌విల్ అనే ఊళ్లో, ఫిలిప్స్ పెట్రోలియం ఉద్యోగులు పాల్ హోగన్, రాబర్ట్ బ్యాంక్స్ అసలు ప్లాస్టిక్ కోసం వెతకనే లేదు. గ్యాసు నుంచి పెట్రోలు తీయాలన్నది వాళ్ల పని. 1951లో నికెల్ ఆక్సైడుకు కాస్త క్రోమియం ఆక్సైడు కలిపి గొట్టంలో ప్రొపిలీన్ వదిలారు. ద్రవంతో పాటు తెల్లటి గట్టి పదార్థం దిగింది. అది పాలీప్రొపిలీన్. దాని పేటెంటు తగువు తెమలడానికి 1983 దాకా పట్టింది! అదే క్రోమియంతో ఇథిలీన్‌ను ప్రయత్నిస్తే గట్టి పాలిథిన్ వచ్చింది. అదీ తక్కువ ఒత్తిడిలోనే.

ఉత్ప్రేరకమైన ఈ క్రోమియం ఒంటరిగా పనిచేయదు. సూక్ష్మ రంధ్రాలున్న సిలికా పొడి మీద, బరువులో సుమారు ఒక శాతం మాత్రమే దాన్ని పట్టించి, పొడిగాలిలో వందల డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఇథిలీన్ తగలగానే ఒక్కో క్రోమియం కేంద్రం వేల అణువులను దండలా గుచ్చుకుంటూ పోతుంది. సిలికా రేణువు చితికి ప్లాస్టిక్‌లోనే ఉండిపోతుంది, దాన్ని తీయాల్సిన పనే లేదు. గొలుసుల్లో పొట్టివీ పొడుగువీ కలిసి ఉండటం ఇంకో లాభం. బిందె ఊదేటప్పుడు కరిగిన ప్లాస్టిక్ గొట్టం జారిపోకుండా వేలాడి నిలుస్తుంది.

మార్లెక్స్ పేరుతో 1954లో ఫిలిప్స్ ఈ గట్టి పాలిథిన్‌ను ప్రకటించింది. మొదట్లో నాణ్యత కుదరక సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. 1958లో పిల్లలు నడుముకు తిప్పుకునే హులాహూప్ పిచ్చి అమెరికాను పట్టుకుని ఆ నిల్వలన్నీ ఖాళీ చేసింది. కంపెనీని గట్టెక్కించింది ఒక ఆటబొమ్మ!

1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ వేరే ఉత్ప్రేరకంతో ఇదే గట్టి పాలిథిన్ చేశాడు. మనింటి బిందె ఏ పద్ధతిదో చూసి చెప్పలేం. 1963 నోబెల్ మాత్రం జీగ్లర్‌కూ, ఇటలీ రసాయన శాస్త్రవేత్త నట్టాకే దక్కింది. బార్టిల్స్‌విల్ జంటకు 1987లో పెర్కిన్ పతకంతో సరిపెట్టారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. బ్యాంక్స్ 1989లో, హోగన్ 2012లో కన్నుమూశారు. క్రోమియం ఆ తొలి గొలుసును ఎలా మొదలుపెడుతుందన్న వాదన రసాయన శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు.