గుంటూరు మీదుగా లోక్‌సభకు

పరిగి, వికారాబాద్, తాండూరు ఓటర్లు ఇప్పుడు చేవెళ్ల ఎంపీని ఎన్నుకుంటున్నారు. ఆ స్థానానికి తొలి ఎన్నిక జరిగింది 2009లో. అంతకు ఎంతో ముందు వికారాబాద్ పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది. 1957లోనూ 1962లోనూ అక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచింది సంగం లక్ష్మీబాయి. ఈ ప్రాంత రాజకీయం అనగానే మర్రి చెన్నారెడ్డి గుర్తుకొస్తారు గానీ ఆమెను తలచేవారు తక్కువ. తలచినా స్వాతంత్ర్య సమరయోధురాలు అని సరిపెడతారు. ఆమెను చట్టసభకు తయారుచేసింది జైలు ఒక్కటే కాదు, దాని కన్నా ముందు ఆమెకు దొరికిన చదువూ, దాన్ని వెతుక్కుంటూ ఊరు దాటాల్సిన అవసరమూ అని నా వాదన.

1911లో ఘట్‌కేసర్‌లో పుట్టిన లక్ష్మీబాయి చదువు గుంటూరు శారదా నికేతనం, మద్రాసు కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్, కర్వే మహిళా విశ్వవిద్యాలయాలతో ముడిపడింది. మూడూ నిజాం రాజ్యానికి బయటివే. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులోనే తెలుగులో బాలికల పాఠశాల పెట్టినా, దాని పరీక్షల గుర్తింపు కోసం కర్వే విశ్వవిద్యాలయాన్నే ఆశ్రయించాల్సి వచ్చింది. రాజధానిలోనే ఆ పరిస్థితి ఉంటే ఘట్‌కేసర్ పిల్ల గుంటూరు దారి పట్టడం వింతేమీ కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు 1922లో స్థాపించిన శారదా నికేతనంలో జాతీయోద్యమం పాఠాల పక్కనే నడిచేది. లక్ష్మీబాయి ఉప్పు సత్యాగ్రహంలో దిగి 1930లో జైలుకు వెళ్లారు. అప్పటి నిజాం రాజ్యానికి సముద్రమే లేదు. ఇంట్లోనే ఉండిపోయి ఉంటే ఆ ఉద్యమం ఆమెకు దూరపు వార్తగానే మిగిలేదేమో.

ఉస్మానియాలో చదివినవాళ్లు నాయకులు కాలేదా అని అడగవచ్చు. వికారాబాద్ ప్రాంతపు సిరిపురంలో పుట్టిన చెన్నారెడ్డి 1941లో ఉస్మానియాలోనే వైద్యవిద్య ముగించి, కేంద్రమంత్రి, రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. నిజమే. కానీ ఆ దారి ఉర్దూ చదివించగల ఇళ్ల మగపిల్లలకు తెరుచుకున్నంతగా తెలుగు ఆడపిల్లకు తెరుచుకోలేదు. ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది: 1957లో కాంగ్రెస్ టికెట్టే సగం గెలుపు, పైగా ఆమె స్థానికురాలు కాదు, చదువుకు ఇంత ఘనత ఎందుకు? టికెట్టు గెలుపుకు కారణం కావచ్చు, కాదనను. ఆ టికెట్టు ఆమె దాకా ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. 1952లో బాన్సువాడ నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1954 నుంచి 1956 దాకా విద్యాశాఖ ఉపమంత్రి. చదువు కోసం రాజ్యం దాటిన మనిషి అదే రాజధానిలో విద్యాశాఖ బాధ్యత చూశారు. వికారాబాద్ ఓటరు ముందుకు వచ్చేనాటికి ఆమెకు శాసనసభా పాలనా రెండూ తెలుసు.

1967లో వికారాబాద్ లోక్‌సభ స్థానం పోయింది. ఆమె మెదక్ నుంచి మూడోసారి గెలిచారు. సభ బయట ఆమె పెట్టుకున్న పని హైదరాబాదులో అనాథల కోసం స్థాపించిన ఇందిరా సేవాసదన్. దాన్ని రాజకీయ జీవితానికి అనుబంధంగా చూడటం నాకు సరికాదనిపిస్తుంది. నిరాశ్రయులైన స్త్రీలకు నీడతో పాటు చదువు ఇచ్చిన శారదా నికేతనంలో పెరిగిన విద్యార్థినికి అది మొదటి పని, ఢిల్లీ రెండోది.