నాలుగు వందల గజాల దూరం

1986 అక్టోబరు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ. కొండ మీద లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, దిగువన విశ్వవిద్యాలయం. మధ్య దూరం నాలుగు వందల గజాలు. అంత దగ్గర్లో ఉన్న ఆ రెండింటి నడుమ, సెకనుకు 32 వేల బిట్లు మోసే నెట్‌వర్క్ ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు అయిదు ఇంగ్లిషు అక్షరాలు. నాలుగు పేజీల ఉత్తరం చేరడానికి దాదాపు అరగంట. చేత్తో పట్టుకుని నడిచి వెళ్లినా అంతకంటే ముందే ఇచ్చి రావచ్చు.

తీగలు తెగలేదు. లోపం యంత్రాలు మాట్లాడుకునే పద్ధతిలో ఉంది. వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రతిపాదించిన ఆ పద్ధతి ఎదిగి, టీసీపీ, ఐపీ అనే జంట ప్రోటోకాల్స్‌గా మారి, 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ అంతటా అమల్లోకి వచ్చింది. ఐపీ ప్రతి ప్యాకెట్ మీదా, అంటే సమాచారపు ప్రతి చిన్న ముక్క మీదా, చిరునామా రాసి పంపుతుంది, చేరుతుందన్న హామీ ఇవ్వదు. ఆ పూచీ టీసీపీది. ప్యాకెట్లకు వరుస సంఖ్యలు వేస్తుంది. రిజిస్టర్డ్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చినట్టు అవతలి నుంచి ‘అందింది’ అన్న జవాబు రావాలి. గడువులోగా రాకపోతే అదే ప్యాకెట్ మళ్లీ పంపుతుంది.

చిక్కంతా ఆ ‘మళ్లీ’లోనే. దారి కిక్కిరిసి జవాబు ఆలస్యమైతే, ప్యాకెట్ పోయిందనుకుని కంప్యూటర్ ఇంకోటి పంపేది. అందరూ అదే పని చేస్తే? రైల్వే గేటు పడినప్పుడు రెండు వైపులా రోడ్డంతా ఆక్రమించి నిలబడ్డ బండ్లను చూసినవారికి విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రయోగశాలలో పనిచేసే వాన్ జేకబ్సన్, విశ్వవిద్యాలయంలోని మైక్ కారెల్స్ కలిసి దీని మూలం పట్టుకున్నారు. నాకు అబ్బురమనిపించేది వాళ్లు చేసినదానికంటే చేయనిది. కొత్త తీగలు వేయమనలేదు, దారి మధ్యలోని యంత్రాలను ముట్టుకోలేదు. పంపేవాడికి ఓర్పు నేర్పారు. ముందు ఒక్క ప్యాకెట్ పంపు. జవాబొస్తే రెండు, తర్వాత నాలుగు. ఎక్కడైనా ఒకటి పోయిందా, దారి రద్దీగా ఉందని గ్రహించి వేగం బాగా తగ్గించు, ఆపైన కొంచెం కొంచెంగా పెంచు. జేకబ్సన్ ఈ పద్ధతిని 1988లో పరిశోధన పత్రంగా వెలువరించారు. మరుసటి ఏడాదికే అది ఇంటర్నెట్ ప్రమాణాల్లో తప్పనిసరి నియమమైంది. అయితే ఎవరు పాటిస్తున్నారో కూడలిలో నిలబడి చూసే పోలీసు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఆ తర్వాత వేగాలు ఎన్నో లక్షల రెట్లు పెరిగాయి, లెక్కలు మారాయి. అయినా ఈరోజు మీ ఫోను ఒక ఫొటో పంపాలంటే, ముందుగా సాధారణంగా పదికి మించకుండా ప్యాకెట్లు వదిలి, అవతలి నుంచి ‘అందింది’ అనే మాట కోసం ఒక్క క్షణం ఆగుతుంది.