కోడి రామ్మూర్తి ముచ్చట

ఒరే గుంటా, ఆ జీడిపిక్కల తొక్కు మంటలో వెయ్యకు. నూనె చిట్లిందంటే మొహం బొబ్బలెక్కిపోద్ది. కొబ్బరి డొక్కలు వెయ్యి. ఆఁ, ఇప్పుడు కూకోండి.

మొన్న టీవీలో ఎవడో ఫుట్‌బాల్ ఆటగాడికి కోట్లు ఇచ్చేరని నోరెళ్ళబెట్టి చూసేరు కదా. 1922 నుంచి రెండో పెద్ద యుద్ధం దాకా ఇంగ్లండులో ఎంత మొనగాడికైనా వారానికి 8 పౌన్లు దాటి జీతం ఇవ్వకూడదని కట్టడి. ఆటల్లేని వేసవిలో అయితే 6. డిక్సీ డీన్ అని ఒకడు, 1927-28 లీగులో 60 గోల్సు కొట్టేడు. అతగాడికీ అదే లెక్క. పైగా క్లబ్బు వదిలితే గాని ఇంకో క్లబ్బు గడప తొక్కడానికి లేదు. చప్పట్లు ఆటగాడికి, గేటు డబ్బులు క్లబ్బుకి.

మరి మన వైపు? వీరఘట్టం కుర్రాడు కోడి రామ్మూర్తినాయుడు నెత్తిమీద ఏ యజమానీ లేకుండా ఒంటి బలంతోనే బతికి చూపించేడు. వీరఘట్టం ఇప్పుడు మన శ్రీకాకుళం నుంచి మన్యం జిల్లాలోకి పోయింది. పోతే పోనీ, మన పలాస, టెక్కలే 1936 దాకా గంజాం జిల్లా! జిల్లాలు మారితే మనిషి పరాయోడైపోతాడేటి?

చిన్నప్పుడే తల్లి పోతే విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేసే చిన్నాన్న పెంచేడు. చదువు అబ్బలేదు, కుస్తీ అబ్బింది. మద్రాసు వెళ్ళి సైదాపేటలో వ్యాయామం ట్రైనింగు చేసి, విజయనగరం తిరిగొచ్చి డ్రిల్లు మేష్టారయ్యేడు. అవును, నాలాగే! ముప్పయ్యేళ్ళు ఈల ఊదినోణ్ణి, ఆ మాట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. తర్వాత పొట్టి పంతులు గారని ఒకాయన సాయంతో సొంతంగా సర్కస్సు కంపెనీ పెట్టేడు.

ఆ ఆట ఎలాగుండేదంటే, ఒంటికి ఇనప గొలుసు బిగించి కడతారు. ఊపిరి లోపలికి తీసి ఛాతీ పొంగించేసరికి గొలుసు తెగిపోయేది. రెండు చేతులకీ గొలుసులు కట్టి, రెండు కార్లని చెరో వైపుకీ లాగమనేవాడు. ఇంజన్లు రొద పెట్టేవి గాని కార్లు కదిలేవి కావు. ఇక ఛాతీ మీద ఏనుగు. బలం గల మనిషి, మోసేడు అనుకుంటారు మీరు. బలం ఒక్కటే చాలదురా. వెడల్పాటి పలక వేస్తే బరువు ఒక్కచోట దిగదు, పరుచుకుంటుంది. కింద పడుకున్నవాడు ఊపిరి బిగపట్టి కదలకూడదు. దమ్ము సడలిందా, పక్కటెముకలు పుల్లల్లాగ పోతాయి. దండీలూ బస్కీలతో పాటు ప్రాణాయామం ఎందుకు చేసేవాడో తెలిసిందా? అంతటోడూ శాకాహారే. మీకేమో చేప లేనిదే ముద్ద దిగదు!

బర్మా, లండనూ తిరిగేడు. ఇండియన్ హెర్క్యులీస్ అన్నారు, కలియుగ భీముడన్నారు. గైరమ్మ సంబరాల్లో సాముగరిడీలు తిప్పే మన కుర్రాళ్ళు ఆ పేరు తలుచుకునే తొడ కొట్టేవారు. స్పెయినులో ఎద్దుని కొమ్ములు పట్టి పడగొట్టేడని కూడా చెప్తారు. అలాంటివి నోటినోటా పెరుగుతాయి, నాకు ఆ ఎద్దు అక్కర్లేదు. డ్రిల్లు మేష్టారి జీతం వదులుకుని, మనుషుల్నీ జంతువుల్నీ పోషిస్తూ ఊరూరా డేరా వెయ్యడం కంటే పెద్ద సాహసమేటుంది? వానకి ఆట ఆగిపోయినా ఏనుగుకి మేత ఆగదు కదా.

సంపాదించింది చేతికి ఎముక లేనట్టు పంచేసేడు. ఆఖరికి కాలికి పుండు లేచింది, కాలు తీసెయ్యాల్సొచ్చింది. ఆ కాళ్ళ మీద నిలబడే కదా కార్లు ఆపింది! ఇంగ్లండోడికి క్లబ్బు తక్కువిచ్చినా వారం వారం ఇచ్చింది. మనోడికి యజమాని లేడు, అలాగే మంచాన పడ్డ రోజున చూసే కంపెనీ కూడా లేకపోయింది. ఒరిస్సాలో బలాంగీరు రాజులు ఆదరించేరు. 1942 జనవరిలో అక్కడే పోయేడు.

విశాఖ బీచిలో బొమ్మ పెట్టేరు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. బాగుంది, కాదన్ను. కాని బడిలో మీ డ్రిల్లు పీరియడు లెక్కల మేష్టారు లాగేసుకుంటున్నారట గదా? రేపు వెళ్ళి గట్టిగా అడగండి. నా పేరు చెప్పండి, పరవాలేదు.