సంపు కథ

సంపు అంటే ఏంటో ఒంగోల్లో ఎవరికీ వివరించక్కర్లేదు. కుళాయి నీళ్ళు వచ్చినప్పుడు పట్టి దాచుకునే గొయ్యి. ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం ఎటువైపు అన్నాక వచ్చే రెండో ప్రశ్న, సంపు ఎక్కడ అని. అక్వేరియం పెంచేవాళ్ళ సంపు ఇంకో రకం. పై తొట్టి అద్దానికి బెజ్జం పెట్టి, పొర్లిన నీళ్ళని గొట్టం ద్వారా కింద బల్లలో దాచిన ఇంకో తొట్టిలోకి దించి, అక్కడ శుభ్రం చేసి, చిన్న మోటారుతో మళ్ళీ పైకి ఎక్కిస్తారు. చేపలు పైన, చాకిరీ కింద. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో పైది ఫ్రంటెండ్, కిందది బ్యాకెండ్. చుట్టాలొస్తే చూపించేది పైదే, అర్ధరాత్రి కొంప ముంచేది కిందదే.

ఈ బ్యాకెండ్‌కి నూటయాభై ఏళ్ళకి పైగా చరిత్ర ఉంది. అందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. దీన్ని బాగా పట్టించుకున్నది సముద్రం పక్కనున్నవాళ్ళు కాదు, సముద్రం అందుబాటులో లేనివాళ్ళు.

1850లో లండన్ కెమిస్టు రాబర్ట్ వారింగ్టన్ రెండు గోల్డ్‌ఫిష్‌లు, నీటిమొక్కలు, నత్తలు కలిపి ఒక పాత్రలో పెట్టి, నీళ్ళు మార్చకుండా వాటిని బతికించొచ్చని చూపించాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇంటింటికీ పాకింది. వెర్రి ముదిరింది, తొట్లు పెద్దవయ్యాయి, చేపలు చచ్చాయి. పాత్రలో నడిచిన లెక్క పెద్ద తొట్టిలో నడవలేదు. ఒక్క లాప్‌టాప్ మీద నడిచిన ప్రోగ్రాం లక్షమంది వాడేసరికి పడుకున్నట్టన్నమాట.

దీనికి మందు కనిపెట్టినవాడు విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం నడిపిన మనిషి. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర పెద్ద అక్వేరియం తెరిచినప్పుడు ఆయన పట్టుబట్టింది ఒక్కటే: జనం చూసే తొట్ల కంటే, జనం చూడని రిజర్వాయరు చాలా పెద్దదిగా ఉండాలి. చల్లగా, చీకటిగా, నేల కింద. ఆవిరి ఇంజన్లతో నీళ్ళు పైకి, పైనుంచి కిందకి, రాత్రీ పగలూ ఆగకుండా. సముద్రపు నీళ్ళు బ్రైటన్ నుంచి రైల్లో రావాలి కాబట్టి ఒక్క చుక్క కూడా పారబోయడానికి వీల్లేదు. కొరత నేర్పిన ఇంజనీరింగ్ ఇది.

ఎందుకు పనిచేసిందో మాత్రం లాయిడ్‌కి పూర్తిగా తెలిసే వీలు లేదు. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా పోనిచ్చారు. కొన్ని రోజులకి అందులోని అమ్మోనియా నైట్రేటుగా మారడం మొదలైంది. క్లోరోఫాం పోస్తే ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నది ఇసుక కాదు, ఇసుకనంటుకున్న ప్రాణులు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ బ్యాక్టీరియాని విడదీసి చూపించాడు. చేప మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియా దానికే విషం. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటుని అంత ప్రమాదం లేని నైట్రేటుగా మారుస్తాయి. వాటికి కావలసినవి అంటుకోవడానికి జాగా, గాలి, ఆగని నీళ్ళు. సంపు అంటే ఆ కంటికి కనపడని కూలీలకి కట్టిచ్చిన క్వార్టర్సు. 1986లో జార్జ్ స్మిట్ అనే డచ్చాయన ఒక అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసాలతో ఈ పద్ధతి పగడపు తొట్లు పెంచే మామూలు జనం ఇళ్ళలోకి వచ్చింది.

మరి బెజ్జం ఎందుకు? సైఫన్ గొట్టంతో గోడ మీంచి నీళ్ళు దించొచ్చుగా? దించొచ్చు, కరెంటు పోనంతసేపు. కరెంటు పోయి వచ్చేలోపు సైఫన్‌లో గాలి చేరితే నీళ్ళు దిగవు. మోటారు మాత్రం ఎక్కిస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి హాలంతా చెరువు. బెజ్జానికి ఆ గొడవ లేదు, అది భూమ్యాకర్షణని నమ్ముకున్నది. కోతల కరెంటు చూసిన ఊళ్ళకి ఇదే సరైన పద్ధతి. కరెంటు పోయినప్పుడు పైనుంచి దిగే నీళ్ళు పట్టేంత ఖాళీ సంపులో ఎప్పుడూ ఉంచాలి, అంతే.

బెజ్జం వేసే పనిముట్టుకి ఒంగోలు వాళ్ళు దూరం పోనక్కర్లేదు. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు కృత్రిమ వజ్రం తయారుచేశారు. తర్వాత వజ్రపు పొడి అద్దిన బిట్లు మామూలు పనివాడి చేతికి వచ్చాయి. పక్కనే చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. వంటగట్టు రాయికి బెజ్జం పెట్టే ఆ గుండ్రటి బిట్టు లాంటిదే అద్దానికీ. నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా, బలం పెట్టకుండా తిప్పాలి. అంచుకి మరీ దగ్గరగా వేయకూడదు. టఫెండ్ అద్దమైతే అసలు ముట్టుకోకూడదు, మొత్తం ముక్కలై కూర్చుంటుంది. బెజ్జం అరగంట పని. సంపుకి చోటివ్వడమే కష్టం.

ఇప్పుడు అద్దాల తొట్టి వదిలేసి కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రండి. అక్కడున్నవీ తొట్లే, కాకపోతే ఎకరాల్లో. 1990ల మొదట్లో టైగర్ రొయ్య బంగారమై కోస్తా అంతా చెరువులు తవ్వారు. అప్పట్లో పద్ధతి, కొంత నీరు తీసేసి కొత్త నీరు పెట్టడం. తీసిన నీరు ఎక్కడికి? కాలవలోకి. కొత్త నీరు ఎక్కడిది? అదే కాలవది. ఒకడి డ్రెయిను ఇంకొకడి కుళాయి. పక్కనే అంత సముద్రం ఉండగా సంపు దేనికి అనుకున్నారు. సముద్రాన్నే సంపు అనుకున్నారు.

1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. అది పిల్లతోనూ వస్తుంది, నీటితోనూ వస్తుంది. తెగులు తగిలిన చెరువు నీళ్ళు హడావిడిగా కాలవలోకి వదిలితే కింది చెరువు దాన్నే తోడుకుంటుంది. ఎన్నో కుటుంబాలు అప్పుల్లో దిగబడ్డాయి. చుట్టుపక్కల మంచినీటి బావులు, పొలాలు ఉప్పుబారాయన్న గోడు వేరే. 1996 డిసెంబర్ 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చాలా చెరువుల్ని లైసెన్సు కిందకి తెచ్చింది. 2009లో వనామీకి దారి తెరిచినప్పుడు రిజర్వాయరు, వాడిన నీటి శుద్ధి షరతుల్లో చేర్చారు. 2023లో చట్టాన్ని సవరించి జైలుశిక్ష బదులు జరిమానా పెట్టారు.

కాయితం మీద సంపు ఉంది. గట్టు మీద? రైతు మాట కూడా వినాలి. పదెకరాలు కౌలుకి తీసుకున్నవాడికి రెండెకరాలు ఉత్త నీళ్ళకి వదలమంటే కౌలు ఎవరిస్తారు? మేత ధర, కరెంటు బిల్లు, కౌంటు రేటు ఏదీ అతని చేతిలో లేదు. అతనొక్కడే నీళ్ళు శుద్ధి చేసి వదిలితే లాభం కింది చెరువుకి, ఖర్చు అతనికి. అందుకే ఇది ఒక్కడి మంచితనంతో తేలే పని కాదు. ఒక కాలవ మీదున్న చిన్న రైతులందరికీ కలిపి ఒకే శుద్ధి చెరువుండాలి. సబ్సిడీ ఇచ్చేటప్పుడు ఎన్నెకరాల్లో రొయ్య వేశావని కాకుండా, ఎన్నెకరాల్లో వేయలేదని కూడా అడగాలి.

ఇదంతా కొత్త టెక్నాలజీ కాదు. లాయిడ్ 1871లో కట్టి చూపించిందే. ఆయనకి సముద్రం దూరం, అందుకని ప్రతి చుక్కకీ లెక్క చెప్పాడు. మనకి సముద్రం పక్కనే ఉంది, లెక్క రాయడం మానేశాం. కానీ కాలవలో కలిసింది ఏదీ పోలేదు, మళ్ళీ మోటారులోంచి మన చెరువుకే వచ్చింది.