పంచ్ అనే పానీయమూ, పంచ అనే మన మాటా



మద్యాన్ని గురించి ఈ పంతులుగారు టపా వ్రాయడమేమిటని మీలో కొందరు ముక్కున వేలు వేసుకొనవచ్చు. నేను మద్యం ముట్టినవాడను కాను. ఈ వయసులో ముట్టే ఉద్దేశమూ లేదు. అయినా వ్రాయక తప్పలేదు. బడిలో ఉన్నన్నాళ్ళూ ఒక నియమం పాటించాను. పిల్లలకు తప్పు చెప్పినట్లు తెలిస్తే, మరునాడు అదే తరగతిలో నిలబడి దిద్దుకోవాలి. ఈసారి నేను తప్పు చెప్పింది మా అబ్బాయికి.

గడచిన వేసవిలో వాడు విదేశం నుండి సకుటుంబంగా వచ్చాడు. ఒకనాటి సాయంకాలం చిన్ననాటి మిత్రులు ఇద్దరు రాగా, నిమ్మకాయలు, అనాసపండు, పంచదార, జాజికాయ, మంచుముక్కలు ముందు పెట్టుకొని వంటింట్లో కూర్చున్నాడు. రమ్ము సీసాను బియ్యం డబ్బా వెనుక దాచాడు గాని, ముప్పై అయిదేండ్లు పిల్లల పుస్తకాల సంచులు కనిపెట్టినవాని కంటికి అది దాగుతుందా?

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"ప్లాంటర్స్ పంచ్ అంటారు నాన్నగారూ. వెస్టిండీసు పానీయం. అయిదు వస్తువులు కలుపుతారు కాబట్టి మన 'పంచ' నుంచే ఆ పేరు వచ్చిందట. నిజమేనా?"

కోపగించుకోవలసిన తండ్రి ఆ ప్రశ్నతో మాయమై, పండితుడు మేల్కొన్నాడు. "సందేహమేముంది? పంచామృతం, పంచలోహాలు, పంచాంగం, పంచభక్ష్యాలు. అదీ అంతే" అన్నాను. వాడు మిత్రులవైపు తిరిగి, "విన్నారా, నాన్నగారే అన్నారు. ఇక తిరుగులేదు" అన్నాడు. ఆ మాటతో ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఏ పుస్తకమూ చూడకుండా తీర్పు చెప్పాను గదా అని మనసు పీకింది. తరువాత చూచినవన్నీ ఇక్కడ విన్నవిస్తున్నాను.

ముందుగా మనకు సంతోషం కలిగించే సంగతి. పంచ్ అనే పానీయం పేరు ఇంగ్లీషు వ్రాతల్లో కనిపించే చోట్లలో, ఇంతవరకు దొరికినంతలో, అన్నిటికంటె పాతది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరం. వ్రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్. అందుకొన్నవాడు థామస్ కోలీ అనే ఈస్టిండియా కంపెనీ వర్తకుడు. ఆ కోలీ ఉన్న ఊరు పెటపోలి. ఆంగ్లేయులు పెటపోలి అని వ్రాసుకొన్నది మన నిజాంపట్నాన్నే. 1611లో గ్లోబ్ అనే కంపెనీ నౌక ఈ తీరానికి వచ్చి, అక్కడా మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టింది. తోటి ఆంగ్లేయులతో కలసి మంచిగా కాపురముండండి, పంచ్ తాగడానికి మాత్రం కొలత పెట్టుకోకండి అని ఆ ఉత్తరంలోని హితవు సారాంశం. ఉత్తరం అందుకొన్న మనిషికి పంచ్ అంటే ఏమిటో వివరించవలసిన అవసరం ఆడమ్స్‌కు కలుగలేదు. అంటే అప్పటికే ఆ పేరు, ఆ పానీయం మన తీరంలోని తెల్లవారికి నిత్యపరిచితాలన్నమాట.

దీనితో ఎవరికైనా ఛాతీ ఉబ్బుతుంది. నాదీ ఉబ్బింది. అయితే ఊరు మనదైనంత మాత్రాన మాట మనదవుతుందా?

పంచ్ అంటే హిందుస్తానీలో అయిదు, అయిదు వస్తువులుంటాయి కనుక ఆ పేరు అని చెప్పినవాడు జాన్ ఫ్రయర్ అనే ఆంగ్ల వైద్యుడు. 1670లలో మన దేశంలో తిరిగి, పడమటి తీరంలోని ఆంగ్లేయుల తాగుడును గురించి చెబుతూ ఈ మాట అన్నాడు. అతని గ్రంథం 1698లో అచ్చయింది. నిజాంపట్నం ఉత్తరానికి దాదాపు నలభై ఏండ్ల తరువాతి సాక్ష్యమిది.

అంతకు ముందరి సాక్షులను పిలిచి చూద్దాం. 1638లో సూరతుకు వచ్చిన మాండెల్స్లో అనే జర్మను యాత్రికుడు దీనిని 'పాలెపుంట్జ్' అని వ్రాశాడు. అతడు చెప్పిన వస్తువులు మద్యం, పన్నీరు, నిమ్మరసం, చక్కెర. లెక్కపెట్టండి, నాలుగే. ఔరంగజేబు కాలంలో వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు దీనినే 'బూల్‌పోంజ్' అన్నాడు. 'బౌల్ ఆఫ్ పంచ్' అన్న మాట ఫ్రెంచి నోట పడి అలా అయింది. అతని పట్టికలో నల్ల చక్కెరతో కాచిన సారాయి, నిమ్మరసం, నీరు, పైన కాస్త జాజికాయ పొడి ఉన్నాయి. ఇవీ నాలుగే! అయిదు ఉన్నందువల్ల పేరు వచ్చిందంటే, ఈ నాలుగింటివారికి ఆ పేరెలా వచ్చినట్లు?

ఇక ఉచ్చారణ. ఇంగ్లీషు పంచ్‌లోని అచ్చు నేడు మన అకారంలా వినబడుతుంది. నా తప్పుకు మూలం ఇదే. 1632 నాటికి ఇంగ్లీషువారు దానిని ఉకారంగా, 'పుంచ్' అని పలికేవారు. పుట్, పుల్ వంటి మాటల్లో ఆ పాత పలుకుబడి ఇంకా మిగిలి ఉంది. ఉత్తర ఇంగ్లండు పల్లెల్లో పుంచ్ అనేవారు నేటికీ ఉన్నారు. మాండెల్స్లో 'పుంట్జ్', బెర్నియరు 'పోంజ్' అనడంలోనూ ఆ ఉకారపు ఛాయే కనిపిస్తుంది. మన 'పంచ'కూ వారి 'పుంచ్'కూ నేటి చెవికి ఉన్న పోలిక ఆనాటి చెవికి అంతగా ఉండి ఉండదు.

పండితుని పక్షాన మరొక ఆక్షేపణ కూడా ఉంది. మనవాళ్ళు ఉత్త సంఖ్యను వస్తువుకు పేరుగా పెట్టరు. పంచ పక్కన అమృతమో, లోహమో, గవ్యమో చేరుతుంది. ఉత్త 'పంచ' అని గిన్నెడు పానీయాన్ని పిలవడం మన నుడికారం కాదు. పెద్ద పీపాకు ఇంగ్లీషులో 'పంచన్' అనే పేరుంది, దానినే నావికులు కుదించి ఉంటారని వాదించేవారు కూడా ఉన్నారు. ఆ వాదానికీ గట్టి రుజువు లేదు. కనుక నేను అబ్బాయితో అనవలసింది "సందేహమేముంది" అని కాదు. "కావచ్చునంటారు, రుజువు కాలేదు" అని.

మాట సంగతి తేలకపోయినా వస్తువు సంగతి తేలింది. ఇంగ్లండు నుండి తెచ్చిన బీరు, ద్రాక్షసారాయి దూరప్రయాణంలో చెడిపోయేవి, లేదా అయిపోయేవి. ఇక్కడ చవకగా దొరికే సారాయి ఘాటు ఎక్కువ. దానిని నిమ్మకాయ, చక్కెర, నీటితో మచ్చిక చేసుకొన్నదే పంచ్. బెర్నియరు చెప్పిన 'నల్ల చక్కెర సారాయి' మన పల్లెల్లో దొంగచాటుగా కాచే బెల్లపు సారాకు దగ్గరి చుట్టం. బెల్లంతో చేసిన మద్యానికి గౌడి అని పేరు పెట్టి, మనుస్మృతి ఏనాడో దానిని నిషేధించింది.

ఇక్కడి నుండి పంచ్ ఓడలెక్కి ఇంగ్లండుకూ, అక్కడి నుండి వెస్టిండీసుకూ వెళ్ళింది. అక్కడ మన సారాయి స్థానంలో రమ్ము చేరింది. అసలైన చేదు ఇక్కడే మొదలవుతుంది.

బార్బడోస్ దీవిలో ఆంగ్లేయులు 1627లో వలస స్థాపించారు. మొదట పొగాకు, పత్తి వేసి, 1640ల నుండి చెరకుకు మళ్ళారు. చెరకురసం కాచి చక్కెర తీశాక మిగిలే నల్లని మడ్డి మొలాసిస్. దానిని పులియబెట్టి బట్టీ పెడితే రమ్ము. ఆ చెరకు నాటి, నరికి, గానుగకు అందించి, మరిగే కాగుల ముందు నిలబడినవారు ఆఫ్రికా నుండి సంకెళ్ళతో తెచ్చిన బానిసలు. పానీయం పేరు ప్లాంటర్స్ పంచ్. ప్లాంటరంటే తోట యజమాని. చెరకు నరికినవాని పేరు దానికి పెట్టలేదు.

బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన చట్టం 1833లో వచ్చి, 1834 ఆగస్టు 1 నుండి అమలయింది. తోటలకు కూలీలు కావలసివచ్చారు. అప్పుడు దొరల చూపు మన దేశం మీద పడింది. 1834లో మారిషస్‌కు, 1838లో బ్రిటిషు గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు ఒప్పందపు కూలీల ఓడలు బయలుదేరాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి తెలుగువారు మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. ఆ రేవు పేరుతోనే అక్కడ వారిని కొరింగీలు అన్నారు. మద్రాసు రేవు నుండి వెళ్ళిన తెలుగువారు, అరవవారు గయానాలో కలగలసి ఉత్త 'మద్రాసీలు' అయ్యారు. వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో చదువుకోగలిగినవారు వారిలో అరుదు. ఈ కూలీల ఎగుమతి 1917లో ఆగింది. మారిషస్ తెలుగువారు మాత్రం ఉగాది పండుగను, తెలుగు అక్షరాలను నేటికీ విడువలేదు.

ఆ ఒప్పందాల గడువు సాధారణంగా ఎంతో తెలుసునా? అయిదేండ్లు!

ఈ సంఖ్య కంటబడినప్పుడు నేను చదువుతున్న పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. పంచ్ పేరులో అయిదు ఉన్నదో లేదో తేల్చలేము. దానిలోని తీపిలో మాత్రం అయిదేండ్లు ఉన్నాయి. కాగితం మీదనే ఉన్నాయి.

ఇక ఇంట్లో దీనిని చేసే పద్ధతి. వెస్టిండీసులో నోటి పాటగా చెప్పుకొనే లెక్క ఒకటుంది: ఒక పాలు పులుపు, రెండు పాళ్ళు తీపి, మూడు పాళ్ళు ఘాటు, నాలుగు పాళ్ళు పలుచన. మా అబ్బాయి కొలిచినదీ ఇదే లెక్క. ఇద్దరికి 30 మిల్లీలీటర్ల నిమ్మరసం, 60 మిల్లీలీటర్ల పంచదార పాకం, 90 మిల్లీలీటర్ల రమ్ము, 120 మిల్లీలీటర్ల నీరు. నీటిలో సగానికి బదులు అనాస రసం పోసి, పండులోనే తీపి ఉంది గనుక పాకాన్ని సగానికి తగ్గించాడు. పాకానికి పంచదార, నీరు సమంగా తీసుకొని, కరిగేదాకా కాచి చల్లార్చాలి. అన్నీ మంచుముక్కలతో బాగా గిలకొట్టి, వడగట్టి, పైన జాజికాయ అరగదీయాలి. అనాస దక్షిణ అమెరికా పండు. పోర్చుగీసువారు పండుతోపాటు పేరునూ తెచ్చి మనకిచ్చారు. ఆ మాట మనం పుచ్చుకొన్నదని గట్టిగా చెప్పగలం. 'పంచ' మనం ఇచ్చినదని అంత గట్టిగా చెప్పలేం.

ఆ సాయంకాలం మా కోడలు నాకు వేరే గ్లాసు ఇచ్చింది. రమ్ము లేదు. పంచదార పాకానికి బదులు బెల్లం, కాసింత మిరియాల పొడి వేసింది. తాగి చూస్తే శ్రీరామనవమి పానకానికి పిన్నమ్మ కూతురులా ఉంది. మద్యం తీసివేస్తే పంచ్ తిరిగి మన పందిట్లోకే వస్తుందన్నమాట.

"ఒక్క గుక్క రుచి చూస్తే తప్పేమిటి నాన్నగారూ?" అన్నాడు అబ్బాయి నవ్వుతూ. నేను నవ్వలేదు. నా తరగతిలో ముందు వరుసలో కూర్చునే పిల్లవాడొకడు తండ్రి సారా అప్పు తీర్చడానికి బడి మాని గొడ్ల వెంట వెళ్ళాడు. వాని పలక చాలాకాలం నా బీరువాలోనే ఉండిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకొన్న స్త్రీలే సారాపై తిరగబడ్డారు. ఆ నిప్పు జిల్లాలన్నింటికీ పాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అయింది. అక్షరానికి అంత బలం ఉంటుందని ఒజ్జలమైన మాకే అంతకు ముందు తెలియదు. రంగురంగుల గ్లాసును చూచినా నాకు ఆ పలకే గుర్తుకు వస్తుంది. ఇది నా సంగతి. తాగేవారికి నీతి చెప్పడం ఈ టపా ఉద్దేశం కాదు.

మొన్న అబ్బాయికి ఫోను చేసి, "ఆ రోజు నేను చెప్పింది తప్పురా. పంచ అనే మాట మనది కావచ్చు, కాకపోవచ్చు. నీ మిత్రులకు కూడా చెప్పు" అన్నాను. మారిషస్ ఓడల సంగతీ చెప్పాను. కాసేపు వాడేమీ మాట్లాడలేదు. తరువాత, "మనవాళ్ళెవరైనా వెళ్ళారా నాన్నగారూ?" అని అడిగాడు. ఈసారి తొందరపడలేదు. "తెలియదు. కనుక్కొని చెబుతాను" అన్నాను.

గోదావరి, విశాఖ ప్రాంతాల మిత్రులలో ఎవరి ఇంటనైనా కోరంగి రేవు నుండి చెరకు తోటలకు వెళ్ళినవారి ముచ్చట్లు వినబడి ఉంటే, ఇక్కడ వ్రాయవలసిందిగా కోరుతున్నాను. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. వీరి చరిత్రకు మన అవ్వలూ తాతలూ చెప్పిన మాటలే ఆధారం.

స్వస్తి.